బోణీ వేళ వచ్చిన బయానా

నా పొలం కొనడానికి వచ్చిన మనిషి నాతో బేరం ఆడలేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

తాడేపల్లిగూడెంలో మా నాన్న కిరాణా కొట్టులో, గల్లాపెట్టె పక్కన పీట వేసుకుని పెరిగినదాన్ని నేను. చెప్పిన ధరకి మారు మాట లేకుండా తలూపినవాళ్ళు మెట్లు దిగి వెళ్ళాక, మా నాన్న ఆ నోట్లు వెలుతురుకి పట్టి ఒకటికి రెండుసార్లు చూసేవారు. అదంతా చూసి పెరిగి కూడా, నేను అడిగిన ధరకి ఆ మనిషి "అలాగేనండి అక్కగారూ" అనగానే మురిసిపోయాను. పొలం ఉన్న పెంటపాడు నుంచి ఏలూరులో మా ఇంటి దాకా కారులో మావారికి నా ప్రతాపం చెబుతూనే వచ్చాను.

"మనం అడిగింది ఎక్కువే కదా. అతనెందుకు ఒప్పుకున్నాడంటావు?" అన్నారు మావారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తేలని లెక్క ఏదైనా ఉంటే నిద్రపట్టదు.

"అడగడం చేతనవ్వాలండీ" అన్నాను.

ఆ పొలం నా పెళ్ళికి మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం పది సెంట్లు. మాకు వ్యవసాయం తెలీదు. గట్టు పక్క రైతే ఏళ్ళ తరబడి కౌలుకి చేస్తున్నాడు. అమ్మాలన్న ఆలోచన నాకెప్పుడూ లేదు. ఏలూరులో నా స్టీలు సామాన్ల కొట్టు ఉన్న గది అమ్మకానికి రావడంతో వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా అద్దెకున్న గది అది. యజమాని కాలేజీలో పాఠాలు చెప్పి మానేసిన పెద్దాయన. "ముందు నీకే ఇస్తానమ్మా. కానీ వచ్చే ఉగాది దాటితే నన్నేమీ అనుకోకు. పక్క సెల్‌ఫోన్ల కొట్టాయన మధ్య గోడ కొట్టేసి రెండూ కలుపుకుంటానని రోజూ అడుగుతున్నాడు" అన్నారాయన. గది పోతే నా కొట్టు పోయినట్టే. నా వయసులో ఇంకో వీధిలో కొత్తగా షట్టరు ఎత్తి, కాపురం సామాన్లకి ఇక్కడికి రండి అని ఎవరిని పిలవను? పొలం అమ్మి గది కొనుక్కోవాలి, ఉగాదిలోపు. నాకున్న పని అంతే.

కొనేవాడు ముదినేపల్లి అవతల, కొల్లేటి వైపు చేపల చెరువులు చేసే మనిషి. నలభై దాటి ఉంటాయి. మాట మెత్తన. ప్రతి వాక్యానికీ ఒక 'అండి' తగిలించేవాడు. కొన్ని వాక్యాలకి రెండు.

జ్యేష్ఠంలో అగ్రిమెంటు రాయించాం. మూడు నెలల గడువు. గడువులోపు మిగతా సొమ్ము ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే బయానా పోతుంది, అగ్రిమెంటు రద్దయిపోతుంది. ఈ షరతు నేనే చెప్పి రాయించాను. డాక్యుమెంట్ రైటరు "అమ్మగారు లాయరు చదివారాండి?" అన్నాడు. ఆ మాట కూడా మావారికి రెండుసార్లు చెప్పాను.

అదే రోజు ఇంకో గొప్ప పని చేశాను. బయానా డబ్బు పొద్దున్నే నా కొట్లో, నా గల్లాలో పడాలని పట్టుబట్టాను. మొదటి బేరం అదే కావాలి, బోణీ బాగుంటే అమ్మకం బాగుంటుంది అని అతనికి వివరంగా చెప్పాను. బోణీ వేళ వచ్చిన డబ్బు మా పుట్టింట్లో వెనక్కి పంపరు. చిరిగిన నోటైనా తీసుకుని కళ్ళకద్దుకుంటారు, నష్టానికైనా వస్తువు ఇస్తారు. అది కూడా చెప్పాను. అతను బుద్ధిగా విన్నాడు.

మూడు నెలలూ గడిచాయి. గడువు వారంలో ఫోన్ చేశాడు.

"అక్కగారూ, ఇది శూన్యమాసం కదండి. భాద్రపదంలో పొలం రాయించుకోవద్దని మా అమ్మ పట్టుబట్టిందండి."

"అగ్రిమెంటు రాసుకున్నప్పుడు మూడు నెలలు లెక్కేసుకుంటే భాద్రపదమే కదా వచ్చేది?"

"మా అమ్మ లెక్క వేయలేదండి."

ఏమంటాం? ఆవిడ లెక్క వేయలేదు. దసరా ముందు ఒకరోజు నేను షట్టరు సగం ఎత్తి, గుమ్మంలో నీళ్ళు చల్లి, గల్లాకి అగరొత్తి తిప్పుతున్నాను. మోటారు సైకిలు ఆగింది. చేతిలో యాభై వేలు పట్టుకుని మెట్టు కింద నిలబడ్డాడు.

"బోణీ నా చేత్తో చేద్దామని తెల్లారగట్లే బయల్దేరానండి అక్కగారూ."

నా చెయ్యి దానంతటదే చాచుకుంది. డబ్బు కళ్ళకద్దుకున్నాను, గల్లాలో వేశాను. తర్వాత అతను సంచిలోంచి తన అగ్రిమెంటు కాగితం తీసి, వెనక వైపు ఖాళీ చూపించాడు. "ఇక్కడ ముట్టినట్టు ఒక ముక్క రాసి పెట్టండి. మిగతాది రెండు నెలల్లో అని కూడా." రాశాను. నా కాపీ వెనక కూడా అదే రాసి, అతని చేత సంతకం పెట్టించి, నేనేదో జాగ్రత్త పడ్డాననుకున్నాను.

కార్తీక సోమవారం మళ్ళీ వచ్చాడు. అదే వేళ, అంతే డబ్బు. ఈసారి చేపల రేటు పడిపోయింది. మళ్ళీ వెనక రాశాను. మావారు సాయంత్రం ఆ కాగితం చూసి, "ఇలా చిల్లరగా ఇస్తూ పోతే ఎప్పటికి తీరుతుంది?" అన్నారు.

"వచ్చే డబ్బుని వద్దంటామా?" అన్నాను.

"వద్దనమని కాదు. ఇది పొలం. గిన్నెల చీటీ కాదు."

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పినవాళ్ళ మీద వచ్చే కోపం మామూలు దానికంటే ఎక్కువ సేపు ఉంటుంది. రెండు రోజులు ఆయనతో పొడిపొడిగా మాట్లాడాను. మూడో రోజు నేనే, పదండి అసలు ఆ చెరువులు ఉన్నాయో లేవో చూసొద్దాం అన్నాను.

ఉన్నాయి. ముదినేపల్లి దాటి, కాలవ గట్టు మీద కారు ఒరిగిపోతుందేమో అన్నట్టు వెళితే, కనుచూపు మేరా నీళ్ళే. గాలి పుట్టించే చక్రాలు నీళ్ళలో గిర్రున తిరుగుతున్నాయి. అతను మమ్మల్ని చూసి ఏమాత్రం కంగారు పడలేదు. కుర్చీలు వేయించాడు, కొబ్బరి బోండాలు కొట్టించాడు. వల వేయించి, ఎగిరెగిరి పడుతున్న చేపని రెండు చేతులా పట్టుకొచ్చి మావారి మొహం ముందు పెట్టాడు.

"చూశారా మాస్టారూ. ఇంకాస్త బరువు రావాలండి. పట్టుబడి అవగానే డబ్బు నేరుగా అక్కగారి గల్లాలోకే."

"ఎప్పటికి?" అన్నాను.

"మేతని బట్టి ఉంటుందండి."

"మేత ఎవరిని బట్టి ఉంటుంది?"

"రేటుని బట్టండి."

వచ్చేటప్పుడు రెండు పెద్ద చేపలు సంచిలో కట్టి కారులో పెట్టించాడు. మా ఇంట్లో గుడ్డు కూడా రాదు. ఆ ముక్క చెబుదామంటే, పాపం ప్రేమగా పెట్టాడు కదా అని మావారు కళ్ళతోనే వారించారు. కైకలూరు దగ్గర పెట్రోలు కొట్టించుకుంటూ అక్కడ పనిచేసే ఆవిడకి ఇచ్చేశాం. కారు వాసన మాత్రం వారం పోలేదు. వసూలుకని వెళ్ళి, బోండాలు తాగి, చేపలు పంచిపెట్టి వచ్చాను. మా నాన్న ఉంటే గల్లా దగ్గర కూర్చోనిచ్చేవారు కాదు.

మార్గశిరం చివర్లో మూడోసారి బోణీకి వచ్చాడు. రాసిచ్చాను. "మాఘంలో మంచి రోజులున్నాయండి, ఇంక తప్పదు" అన్నాడు.

మాఘంలో ఫోన్ వచ్చింది. అతని నుంచి కాదు, పొలం చేస్తున్న కౌలు రైతు నుంచి.

"అమ్మగారూ, మన గట్టు మీద ఎవరో టేపు పట్టి కొలుస్తున్నారండి. మీకు తెలిసే అనుకోండి, అయినా ఒక మాట చెబుదామని."

నాకు తెలీదు. అరగంటలో బయల్దేరాం. రెండో పంట, దాళ్వా వరి, పచ్చగా ఉంది. గట్టు మీద తెల్ల చొక్కా ఆయన ఒకరు, టేపు పట్టుకున్న మనిషి ఒకరు. భీమవరం నుంచి వచ్చారట. నన్ను చూసి ఆ పెద్దమనిషి నమస్కారం పెట్టి, "మీకు కూడా ఇటు పక్క పొలం ఉందాండి?" అని అడిగాడు.

"ఇదే నాది" అన్నాను.

ఆయన నవ్వాడు. "కాదండి, ఇది ముదినేపల్లి ఆయనది. మాకు ఇస్తానన్నారు." ధర కూడా చెప్పాడు.

ఇక్కడ నిజం రాయాలి. నా పొలాన్ని తనదని చెప్పి తిరుగుతున్నాడన్న కోపం నాకు రెండోదిగా వచ్చింది. మొదట వచ్చింది వేరు. నేను అడిగినదానికంటే ఎకరానికి అంత ఎక్కువ చెబుతున్నాడే, నేనెందుకు అడగలేకపోయాను అని కడుపు మండింది. గట్టు మీద నిలబడి కాసేపు ఆ మంటే అనుభవించాను. తర్వాత అర్థమైంది, మొదటి రోజు అతను ఎందుకు బేరం ఆడలేదో. కొనే మనిషైతే కదా ధర గురించి ఆలోచించేది. కొద్దిపాటి బయానాతో పొలాన్ని పట్టి ఉంచి, ఎక్కువ ఇచ్చేవాడు దొరికితే వాడి పేరున నా చేతే రిజిస్ట్రేషన్ చేయించి, మధ్యలో మిగిలింది తను ఉంచుకోవాలని అతని ఎత్తు. దొరికేదాకా నన్ను పొద్దుటి పూట యాభై వేలతో బుజ్జగించాలి. ఊళ్ళలో ఇది కొత్త వ్యాపారమేమీ కాదు. నేను చెయ్యలేదంతే.

మర్నాడు ఏలూరులో లాయరు గారి దగ్గరికి వెళ్ళాం. నా కంటే చిన్నావిడ, మావారి పాత స్టూడెంటు. అగ్రిమెంటు ముందు వైపు చదివి, "ఎవరు రాయించారు మాస్టారూ? చాలా బాగుంది" అంది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఆవిడ కాగితం తిప్పింది.

"ఈ చేతిరాత ఎవరిది?"

"నాదే."

"గడువు దాటాక మూడుసార్లు డబ్బు తీసుకున్నారా అమ్మా?"

"బోణీకి వచ్చాడు" అన్నాను. ఆ ఆఫీసులో, ఆ పుస్తకాల మధ్య, ఆ మాట ఎంత తెలివితక్కువగా వినిపించిందో నాకే తెలుసు.

"ముందు మీరు పెట్టిన గడువుని వెనక మీరే మూడుసార్లు పొడిగించారు. ఇప్పుడు ఉన్నపళాన రద్దు చేశామంటే, వాళ్ళే డబ్బు తీసుకుని ఆగమన్నారు, పొలం నాకే రాయించండి అని కోర్టుకెళతాడు. కేసు నడిచినన్నాళ్ళూ మీరు ఇంకొకరికి అమ్మలేరు."

"ఎన్నాళ్ళు నడుస్తుంది?"

ఆవిడ మావారి వైపు చూసింది. "మాస్టారూ, మీరు చెప్పిన లెక్కల్లో అలాంటిది లేదండీ."

దారి కూడా ఆవిడే చెప్పింది. పదిహేను రోజుల టైమిచ్చి, ఫలానా తారీఖున తాడేపల్లిగూడెం రిజిస్ట్రేషన్ ఆఫీసుకి మిగతా డబ్బుతో రమ్మని, ఇదే ఆఖరి గడువని, రాకపోతే అగ్రిమెంటు రద్దని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు. ఆ రోజు మేము అన్ని కాగితాలతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉండాలి. ఉన్నట్టు సాక్ష్యంగా ఏదో ఒక దరఖాస్తు పెట్టి తారీఖున్న రసీదు తీసుకోవాలి. "ఈలోగా అతని చేతి నుంచి రూపాయి కూడా తీసుకోకండి. పొద్దున్నయినా, సాయంత్రమైనా" అని వేలు చూపించి మరీ చెప్పింది.

ఆ తారీఖున పొద్దున పదింటికి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాం. మావారు దస్తావేజు, పాస్‌బుక్కు, శిస్తు రసీదులు అన్నీ ఫైల్లో వరసగా పెట్టారు. పదకొండున్నరకి అతనికి ఫోన్ చేశాను. "దారిలో ఉన్నానండి అక్కగారూ." ఒంటిగంటకి, "కైకలూరులో టైరు పంక్చరైందండి." మూడింటికి ఫోన్ ఎత్తలేదు. నాలుగున్నరకి స్విచ్ఛాఫ్. నేను రసీదు తీసుకుని ఫైల్లో పెట్టాను. మా చుట్టూ రోజంతా జనం వేలిముద్రలు వేశారు, ఫొటోలు దిగారు, మిఠాయిలు పంచుకున్నారు. ఎవరో మాకూ చెరో లడ్డూ ఇచ్చారు. మావారు తిన్నారు.

అగ్రిమెంటు రద్దయిందని మర్నాడు రెండో నోటీసు వెళ్ళింది. అందిన రెండో రోజు పొద్దున, నేను అగరొత్తి వెలిగిస్తుండగా, మోటారు సైకిలు చప్పుడైంది.

ఈసారి లక్ష. కౌంటరు మీద పెట్టాడు.

"బోణీ చేయించండి అక్కగారూ. నోటీసులవీ మన మధ్య ఎందుకండి?"

నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను. బళ్ళో తప్పు చేసిన పిల్లలా.

"తీసేయండి" అన్నాను.

"బోణీ వేళ వచ్చింది వద్దనకూడదని మీరేగా చెప్పారండి."

"చెప్పాను. తీసేయండి."

అతను తియ్యలేదు. నవ్వుతూ నిలబడ్డాడు. అంతలో ఒక ముసలావిడ వచ్చి టీ గ్లాసులు చూపించమంది. ఆ నోట్ల కట్ట పక్కనే గ్లాసులు పేర్చాను. ఆవిడ ఆరు గ్లాసులకి నన్ను పావుగంట ఏడిపించింది. ఒక గ్లాసు అంచు సొట్ట అంది, వాళ్ళ కోడలికి నచ్చవేమో అంది, లేచి వెళ్ళి మళ్ళీ వచ్చింది. నేను కొన్న ధరకంటే రెండు రూపాయలు తక్కువకి ఇచ్చి, ఆవిడ డబ్బు కళ్ళకద్దుకుని గల్లాలో వేశాను. తర్వాత పక్క సెల్‌ఫోన్ల కొట్టాయన్ని పిలిచి, ఆయన చూస్తుండగా అతని డబ్బు అతనే ఎత్తుకునేదాకా నిలబెట్టాను.

వెళ్ళే ముందు అతను మెత్తగానే అన్నాడు. "సరేనండి. కోర్టుకెళదామంటే వెళదాం. నాకైతే తొందరేమీ లేదండి."

అతని దగ్గరున్నది ఆ టైమొక్కటే, నా దగ్గర లేనిది అదొక్కటే. బయానా జప్తు చేసుకోవచ్చని నా షరతు చెబుతోంది. కానీ జప్తంటే అతను దావా అంటాడు. దావా అంటే ఉగాది దాటుతుంది, ఒక ఉగాది కాదు. "అతని సంతకంతో రద్దు పత్రం తెచ్చుకోండి, అదే మీకు క్షేమం" అంది లాయరమ్మ. వారం పాటు ఫోన్లో సాగింది. ముందు తీసుకున్నదంతా తిరిగివ్వాలి, పైగా తిరుగుడు ఖర్చులు రెండు లక్షలు కావాలన్నాడు. తిరిగిందేమో మేము, ఖర్చులేమో అతనికి. తగ్గించి తగ్గించి ముప్ఫై వేలకి తెచ్చాను. నా జీవితంలో ఇంత కష్టపడి బేరమాడి, నా తప్పేమీ లేని దానికి నేనే డబ్బిచ్చింది అదొక్కసారే.

ఆ డబ్బు తిరిగివ్వాలంటే ముందు కొత్త బేరం కావాలి. భీమవరం ఆయన తగువున్న పొలం వద్దని అప్పటికే తప్పుకున్నాడు. ఇంత తక్కువ రోజుల్లో దొరికేది గట్టు పక్క రైతే. ఇంటికి వచ్చాడు, కాఫీ తాగాడు, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. తన ధర చెప్పాడు.

"కిందటి ఏడు మీరే అడిగినప్పుడు ఇంతకంటే ఎక్కువ అన్నారు కదండీ?"

"అప్పుడు మీరు నవ్వారండి అమ్మగారూ. ఇప్పుడు మీకు ఉగాదిలోపు కావాలంట కదండి."

"ఎవరు చెప్పారు?"

అతను మావారి వైపు చూశాడు. మావారు కాఫీ గ్లాసులోకి చూశారు.

గంటన్నర బేరమాడాను. అతను మాత్రం గొంతు పెంచలేదు, కుర్చీలోంచి లేవలేదు, వెళతానని కూడా బెదిరించలేదు. ఊరికే కూర్చున్నాడు. చివరికి కొంచెం పెంచాడు, మేము అడిగినందుకు కాదు, మళ్ళీ కాఫీ పెట్టినందుకు అన్నట్టు.

అతనిచ్చిన బయానాతో తాడేపల్లిగూడెం ఆఫీసులో రద్దు పత్రం మీద సంతకాలయ్యాయి. చేపల చెరువు మనిషి సంతకం చేసి, డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని, "ఏమైనా అక్కగారు నిక్కచ్చి మనిషండి" అని అందరికీ వినిపించేలా చెప్పి వెళ్ళాడు. నేను నా కాపీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. పొలం నాలుగు రోజుల తర్వాత రైతు పేరున రాసిచ్చాం.

ఉగాదికి మూడు రోజుల ముందు గది నా పేరున రిజిస్ట్రేషన్ అయింది. పొలం ధరలో తగ్గినదాన్ని పూడ్చడానికి గది ఆయన్ని కాస్త తగ్గించమని అడిగాను. "నీ కోసం ఇన్నాళ్ళు ఆగాను కదమ్మా" అన్నారు. తక్కువ పడింది బ్యాంకులో అప్పు తీసుకున్నాం.

కొట్టు అదే, షట్టరు అదే, కుడి వైపు బిగుసుకుపోయే తాళం కూడా అదే. ఇరవై రెండేళ్ళు ప్రతి నెలా ఐదో తారీఖున అద్దె కట్టాను. ఇప్పుడు ఐదో తారీఖున బ్యాంకు కంతు కడుతున్నాను. కంతు అద్దెకంటే ఎక్కువ. అద్దె అయితే ఆషాఢంలో అమ్మకాలు లేవండీ, ఈ నెల కాస్త తగ్గించండి అని అడగడానికి ఒక మనిషి ఉండేవారు. మొన్న బ్యాంకులో కూడా అడిగి చూశాను. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ వైపు చూసి, "సిస్టమ్‌లో అలా లేదండి ఆంటీ" అంది.

"ఎవరితో మాట్లాడితే ఉంటుంది?" అని అడిగాను.

వెనక లైన్లో నిలబడ్డ మావారు నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు.